పద్మతంతువు మొదలు మామిడిపిందె వఱకు: మన నేఁతలోని సూక్ష్మదృష్టి

మన కులచరిత్రము వ్రాయఁ బూనినవారు సాధారణముగా రాజుల దానశాసనములతోను, బిరుదావళులతోను, గోత్రనామములతోను మొదలిడుచుందురు. అవి యన్నియు నుండవలసినవే. ఈ వార్షిక మహాసభా సంచికయందు మాత్రము మేము వానిని పెద్దల కప్పగించి, మఱియొక చిన్న విషయమును గూర్చి కులబంధువులకు విన్నవింపఁ దలఁచితిమి. అది మన చీరల యంచులకును, కొంగులకును, బుటాలకును పూర్వులు పెట్టిన పేళ్ల సంగతి. మామిడిపిందె, మల్లెమొగ్గ, రుద్రాక్ష, నెమలికన్ను, మొగలిరేకు, చిలుక, హంస: ఈ పేళ్లలో రాజు లేఁడు, రథము లేదు, యుద్ధము లేదు. పెరటిలోను, చెఱువుగట్టునను, బడికిఁ బోవు త్రోవలోను పసివాఁడు వంగి చూచు వస్తువులే యున్నవి. చిన్న వస్తువులను శ్రద్ధతోఁ జూచిన కంటి చరిత్రమే మన నేఁతచరిత్రమని మా యభిప్రాయము. ఆ కంటికి సాక్ష్యము పలుకునవి యీ పేళ్లే. పేళ్లు పోయిన నాఁడు బుటా యెక్కడనో మిగిలియుండవచ్చును. అది మనదని చెప్పుట కాధారము మాత్రము మిగులదు. ఈ భయమే మాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

మొట్టమొదట మన కులపురాణమునే తీసికొందము. మార్కండేయ మహర్షి వంశమున జనించిన భావనాఋషి దేవతలకు వస్త్రము నేయ సంకల్పించి, శ్రీమన్నారాయణుని నాభికమలమునుండి తంతువును గ్రహించెనని మనవారు తరతరములుగాఁ జెప్పుకొనుచున్నారు. పద్మశాలి యను పేరునకు నదియే మూలమని పెద్దల వాడుక. ఈ కథను శాసనములతో సరిపోల్చి చూచుట చరిత్రకారునకు సాధ్యము కాదు. అయినను దీనిని మొదటఁ జెప్పినవాఁ డెవఁడో తామరతూఁడును ద్రుంచి చూచినవాఁ డనుట నిశ్చయము. తూఁడును రెండుగాఁ ద్రుంచి మెల్లగా లాగినచో, ఆ రెండు ముక్కల నడుమ వెండ్రుకకంటె సన్నని దారములు సాగి నిలుచును. సంస్కృతకవులు బిసతంతు వని పొగడిన దిదియే. చెఱువులో దిగి యీఁదులాడు పల్లెటూరి పిల్లలలో నిది యెఱుఁగనివాఁ డుండఁడు. నేఁతయింట పెరుగు పసివాఁ డా దారమును జూచినప్పుడు, దీనితోఁ జీర నేయవచ్చునా యని యడుగక మానఁడు. అట్టి ప్రశ్నను పెద్దలు నవ్వి త్రోసివేయక, దానికి ఋషిచరిత్రమునే జవాబుగాఁ జెప్పిరని మాకుఁ దోఁచుచున్నది. ఆ ప్రశ్న వట్టి పిచ్చిప్రశ్నయుఁ గాదు. బర్మాదేశమున, నేఁటి మయన్మారులో, ఇన్లే సరస్సు నొద్ద తామరతూళ్లనుండి దారము తీసి నిజముగా వస్త్రములు నేయుచున్నారు.

ఇఁక సంస్కృతనిఘంటువులలో నొక చిత్రము గలదు. అమరసింహుఁడు తంతువాయ శబ్దమును రెండు తావులఁ బఠించెను. ఒక చోట నది నేఁతగాని పేరు. మఱియొక చోట సాలెపురుగు పేరు. తెలుఁగునను నంతే. సాలెవాఁడును సాలీఁడును ఒక్క మాటనే పంచుకొనినారు. పురుగు పేరు మనకేల యని చిన్నఁబుచ్చుకొన నక్కఱలేదు. ముండకోపనిషత్తు జగత్కారణమునే సాలెపురుగుతోఁ బోల్చినది. ఆ పురుగు తనలోనుండి దారమును వెలువరించి మఱల తనలోనికే తీసికొనునట్లు, అక్షరపరబ్రహ్మమునుండి విశ్వము పుట్టుచున్నదని యచటి తాత్పర్యము. ఋగ్వేదమున నాఱవ మండలమం దొక ఋషి, పడుగును గూర్చి గాని పేకను గూర్చి గాని తన కెఱుక లేదని వాపోయినాఁడు. పరతత్త్వమును జెప్ప మాటలు చాలనప్పుడు ఋషులంతటివారు మగ్గము కడకు వచ్చి మాటలు నెరవు తీసికొనిరి. శ్రీకాళహస్తి యను క్షేత్రనామములో శ్రీ యనఁగా సాలెపురుగు, కాళము పాము, హస్తి యేనుఁగు. శివునకు దారములతో గూడు గట్టి కొలిచిన పురుగు పేరు మొదటఁ జేరిన యూరిలోనే, వస్త్రముపైఁ గలముతోఁ జిత్రించు కలంకారి విద్య పెంపొందినది. ఇది కాకతాళీయమే కావచ్చును, అయినను స్మరింపఁదగినది.

ఈ పోలిక మనదేశమువారికే తోఁచినదనియుఁ జెప్పవీలులేదు. చీరాలకు సమీపమున సముద్రతీరమందున్న మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవుపట్టణము. అచటికి వచ్చు నోడవర్తకులకు గణపతిదేవ చక్రవర్తి 1244లో నభయశాసన మిచ్చెను. ఆ పిమ్మట నర్ధశతాబ్ది గడచునప్పటికిఁ దూర్పు దేశములు తిరిగిన వెనీసు యాత్రికుఁడు మార్కోపోలో యీ సీమ సన్నవస్త్రములను మెచ్చుచు, అవి సాలెగూఁటిని బోలియున్నవని వ్రాసెను. ఆయన యమరకోశము నెఱుఁగఁడు, తెలుఁగు నెఱుఁగఁడు. మన బట్టను జేతఁబట్టి చూచినంతనే సాలీఁడు జ్ఞప్తికి వచ్చినది. మన పూర్వుల పనితనమునకు ఇంతకంటె మంచి యోగ్యతాపత్ర మేమి కావలెను?

కావ్యములం దీ సూక్ష్మదృష్టి మఱింత స్పష్టముగాఁ గానవచ్చును. కుమారసంభవమున వటువేషధారియైన శివుఁడు పార్వతిని పరీక్షించుచు, కలహంసలు చిత్రింపఁబడిన పెండ్లిచీరకును, నెత్తురోడు నేనుఁగుతోలునకును పొత్తు గుదురునా యని ప్రశ్నించును. అనఁగాఁ గాళిదాసు నాఁటికే పెండ్లికూఁతు చీరపై హంసలబారు వాడుకలో నుండెనన్నమాట. అజంతా గుహల గోడచిత్రములలోని వస్త్రములమీఁదను హంసలపట్టెలు నేఁటికిని జూడవచ్చును. ఏడవ శతాబ్దివాఁడైన బాణుఁడు హర్షచరితమున రాజ్యశ్రీ వివాహమునకు సమకూర్చిన వస్త్రములను వర్ణించుచు, వానిని పాముకుబుసములతోఁ బోల్చెను. పాము విడిచిన కుబుసమును గడ్డిలో నేఱుకొని, వెలుతురున కెత్తి చూచినవాని కన్ను గాని యీ యుపమానమును గనిపెట్టఁజాలదు. తెలుఁగుకవులలో పాల్కురికి సోమనాథుఁడు తన నాఁటి వస్త్రముల పేళ్లను బారులుదీర్చి చెప్పినాఁడు. అందు మంచుపుంజ మను నొక పేరు గలదు. తెల్లవాఱుజామున గడ్డిమీఁదఁ గప్పుకొనియుండు మంచును జూచి, బట్ట కా పేరు పెట్టిన యా యజ్ఞాతునకు మేము నమస్కరించుచున్నాము.

నేఁతకుఁ గావలసిన సరకు సైతము చిన్న ప్రాణులనుండియు, చిన్న కాయలనుండియుఁ బుట్టినదే. అమరసింహుఁడు వస్త్రములను నాలుగు తెగలుగా విభజించెను: చెట్టునారనుండి వచ్చునవి, కాయనుండి వచ్చునవి, పురుగుగూఁటినుండి వచ్చునవి, మృగరోమమునుండి వచ్చునవి. ఈ విభాగమందు వెలను బట్టి గాని, ధరించువారి హోదాను బట్టి గాని భేదము చెప్పలేదు. ప్రకృతిలో దారము పుట్టు తావే భేదమునకు మూలము. మన శ్రీకాకుళపు సీమలోని పొందూరునఁ బత్తిని శుభ్రపఱచుటకు వాలుగచేప దవడయెముకను దువ్వెనగా వాడుచున్నారు. ఆ దవడపై వరుసలుదీరియున్న సన్నని పండ్లు పత్తిలోని నలుసులను దీసివేసి పోఁగులను సరిచేయును. చేపను దిని యెముకను బాఱవేయక, దాని పండ్లను వేలితోఁ దడవి చూచి, యిది దువ్వెనగాఁ బనికివచ్చునని కనిపెట్టిన వాఁడెవఁడో! పెద్దవానికంటెఁ బిల్లవానికే యట్టి యూహ ముందు తోఁచునని మా విశ్వాసము.

ఇచటఁ జదువరులకు సందేహము కలుగవచ్చును. చూచుట సరే, చూచినది బట్టలోని కెట్లు వచ్చునని. చిత్రకారుఁడు గీఁతను తనకుఁ దోఁచినట్లు వంచుకొనఁగలఁడు. నేఁతగాని కా స్వాతంత్ర్యము లేదు. పడుగు నిలువు, పేక యడ్డము. ఈ రెంటి నడుమ నతఁడు మామిడిపిందెను మెట్లుమెట్లుగాఁ గట్టుకొని రావలెను. కనుక మొదట లెక్క, తరువాత రూపము. చదువరుల కొక యుదాహరణము చెప్పుదుము. మొదటి పేకకు నొక పడుగుపోఁగు నెత్తి రంగునూలు నడపుము. రెండవ పేకకు మూఁడు, మూఁడవదానికి నైదు, నాలవదానికి నేడు పోఁగు లెత్తుము. పిదప నైదు, మూఁడు, ఒకటిగాఁ దగ్గించుము. ఏడు పేకలలో నిరువదియైదు పోఁగు లెత్తునప్పటికి బట్టపై నొక చిన్న చదరపు మొగ్గ నిలుచును. ఒకరి కది మల్లెమొగ్గ, మఱియొకరికి రుద్రాక్ష, ఇంకొకరికి మిణుఁగురుపురుగు. రూపమును లెక్క యిచ్చినది. ప్రాణమును చూచినవాని యూహ యిచ్చినది.

ఈ లెక్క మన యాఁడుపిల్లలకుఁ గ్రొత్తది కాదు. తెల్లవాఱి వాకిట ముగ్గు పెట్టు బాలిక మొదట సరిచుక్కలా సందుచుక్కలా యని నిశ్చయించుకొని, ఏడు, ఐదు, మూఁడు, ఒకటి యని చుక్కలను దీర్చును. ఆ తరువాతనే వాని చుట్టును గీఁత నడపును. వాకిటిలో ముగ్గు, లోపల మగ్గము: రెంటికిని గణిత మొక్కటే. బడిలోఁ బెక్కేండ్లు పాఠములు చెప్పిన మాకు, నేఁతయిండ్ల పిల్లలు పలకమీఁదఁ బిట్టను గీయుటలో నొక విశేషము గనఁబడుచుండెడిది. ఇతరులు వంపు గీఁతలతోఁ దంటాలుపడుచుండఁగా, వీరు నిలువు నడ్డముగాఁ జిన్నచిన్న గళ్లను బేర్చి, మూఁడు గళ్లలో ముక్కును, రెండు గళ్లలోఁ దోఁకను దెచ్చెడివారు. వారికి దానిని మేము నేర్పలేదు. గుంటమగ్గము ప్రక్కను గూర్చున్న పసివాని కన్ను పడుగుమట్టముననే యుండును. దారము దారముగా హంస పుట్టుట వాఁ డచటఁ జూచినాఁడు.

ఇట్టి చూపు తెలుఁగు సీమలలో నెన్ని విధములఁ బండినదో కొన్ని తావులను బట్టి చూతము. పిఠాపురమునకు దగ్గఱనున్న ఉప్పాడలో జాంధానీ నేఁతకు మగ్గముపై నిద్దఱు గూర్చుండి, బుటాకు వలసిన నూలును వేఱువేఱు కండెలతోఁ జేతనే యెక్కింతురు. ఆ బుటా బట్టకు రెండు ప్రక్కలను నొక్కరీతిగా నుండును. వెంకటగిరి చీరల కొంగులపై నెమళ్లును, చిలుకలును, మామిడిపిందెలును నీ జాంధానీ పద్ధతినే వెలసినవి. కాంచీపురమునఁ దరతరములుగా నివసించు నేఁతగాండ్రలోఁ దెలుఁగు మాటాడువా రనేకులు గలరు. అచటి పట్టుచీరల యంచులలో నెమలికన్ను, కోకిలకన్ను, మల్లెమొగ్గ, మొగలిరేకు నను భేదములు గలవు. నెమలికంటికిని కోకిలకంటికిని భేదము చూపవలెనన్న పక్షి నెంత దగ్గఱగాఁ జూచియుండవలెనో యోజింపుఁడు.

సిద్దిపేటలో గొల్లభామ చీర గలదు. తలపైఁ గుండ నెత్తుకొని నడచు స్త్రీ యా చీరపై వరుసగా నిలుచును. పాలు పెరుగు లమ్మవచ్చు గొల్లస్త్రీలను మగ్గముమీఁది నుండి చూచి యా బుటాను గల్పించిరని యచటివారు చెప్పుదురు. తెలుఁగున గొల్లభామ యనునది యొక చిన్న పురుగునకును బేరు. పచ్చికలో గెంతు నా పురుగును బట్టి యాడుకొనని బాలురు లేరు. ఒక్క పేరు వీధిలో స్త్రీకిని, పచ్చికలోఁ బురుగునకును, చీరపై బుటాకును జెల్లుచున్నది.

చీరాల తేలియా రుమాళ్లది వేఱు మార్గము. నూనెతోను, ఆముదపుకాయల బూడిదతోను నూలును నానఁబెట్టి, ముడులు గట్టి, యెఱుపు నలుపు రంగులలో ముంచి, ఆ పిదప నేయుదురు. పూర్వమివి యోడల నెక్కి బర్మాకును, అరబ్బుతీరములకును బోయెడివి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున నేసిన రుమాళ్లలో సింహములు, ఏనుఁగులు, పక్షులతోఁ బాటు గడియారమును, విమానమును గూడఁ గానవచ్చును. విమానము ప్రకృతిలోనిది కాదుగదా యని యెవరైన నడుగవచ్చును. ఆకాశమున శబ్దము విని పల్లెపిల్ల లందఱు వీధిలోనికిఁ బరుగెత్తిన కాల మది. వారికి విమానము కొంగవంటిదే, గరుడపక్షివంటిదే. దానిని గళ్లలోఁ బట్టి, యేనుఁగు ప్రక్కను నిలిపిన నేఁతగానిలో నా పరుగెత్తిన బాలుఁ డింకను బ్రదికియుండెను.

ఈ విద్య నల్లగొండ సీమకుఁ జేరి పుట్టపాకలోను, పోచంపల్లిలోను జిటికి యను పేరఁ బెరిగినది. నేయక మునుపే నూలుపై బొమ్మ యంతయు ముడుల రూపమున నుండును. బట్టపై నా బొమ్మ యంచు కొంచెము చెదరి, నీటిలోని నీడవలెఁ గదలినట్లుండుట దీని యందము. ఈ సీమ శిల్పులలో శ్రీ గజం గోవర్ధనగారికి 2011లోను, శ్రీ గజం అంజయ్యగారికి 2013లోను పద్మశ్రీ బిరుదములు లభించుట మన కందఱకు గర్వకారణము. దీనికి నూలును ఆసుపైఁ బోయుట స్త్రీల పని. ఒక్క చీరకు వేలకొలఁది సారులు చేయి పైకి క్రిందికి నాడవలెను. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో నట్లు తల్లి భుజము నొప్పితో బాధపడుట చిన్ననాఁటినుండి చూచిన చింతకింది మల్లేశముగారు, ఉన్నతవిద్య లేకయే పలువత్సరములు శ్రమించి 1999లో నాసుయంత్రమును గల్పించి, తల్లి పేర లక్ష్మీ ఆసుయంత్ర మని పిలిచిరి. 2017లో నాయనకును బద్మశ్రీ లభించినది. పూమొగ్గను జూచిన కన్నే తల్లి భుజమునుగూడఁ జూచినది. మేము చెప్పు సూక్ష్మదృష్టి యలంకారముతో నాగిపోవునది కాదనుట కింతకు మించిన నిదర్శన మక్కఱలేదు.

మన బుటాలన్నియుఁ బెరటిలోనే పుట్టిన వని వాదించుట మా యుద్దేశము గాదు. వర్తకము సైతము రూపములను దెచ్చినది. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు టద్దకములపైఁ బారసీకపు లతలును బుష్పములును వ్రాలినవి. ఐరోపా కంపెనీలు తమ దేశపు రుచులకుఁ దగిన మాదిరులను బంపి యద్దించుకొనినవి. కొనువాని కోరికను మన్నింపక యే శిల్పియు బ్రదుకఁడు. అయినను బైనుండి వచ్చిన లతకుఁ బూచిన పువ్వు మనదే. చిరివేరునుండి యెఱుపును, నీలిచెట్టునుండి నీలమును, కరక్కాయనుండి కసరును దీయుట యీ మన్నును, ఈ యాకును, ఈ కాయను ఎఱిఁగినవారికే సాధ్యమైనది.

ఇంతవఱకు గౌరవము చెప్పుకొంటిమి. ఇఁక నష్టమును జెప్పవలెను. 1866లో లండనులోని ఇండియా మ్యూజియము నధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు వస్త్రములనుండి 700 మచ్చుతునుకలను గత్తిరించి, 18 సంపుటములలో నతికించి, అట్టివి 20 ప్రతులు సిద్ధము చేయించెను. అందుఁ 13 బ్రిటనులోనే యుంచఁబడెను. 7 మాత్రము హిందూదేశమునకు వచ్చెను. అచటి మిల్లుయజమానులకు మనవారి రుచులు దెలిసి, అట్టి బట్టలనే చేసి మనకు నమ్మఁగలుగుట దాని ప్రయోజనము. ఆ సంపుటములలోఁ దునుక వచ్చిన యూరు గలదు, కొలతలు గలవు. నేసినవాని పేరు లేదు. పేరు లేని వస్తువును బోలి వస్తువు చేయుట దొంగతన మనిపించుకొనదు. మామిడిపిందె గతియు నట్టిదే. కాశ్మీరపు శాలువలపైఁ గల యా రూపమును స్కాట్లండులోని పైస్లీ యను నూరివారు పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున విరివిగా ననుకరించి నేసిరి. నేఁడు లోకమంతయు దానిని పైస్లీ యనియే పిలుచుచున్నది. మన యూరి దుకాణములలో మనబిడ్డలును దాని నా పేరనే యడుగుచున్నారు. పిందె మన చెట్టుది, పేరు పరుల యూరిది!

నేఁడీ పని మఱింత సులభమైనది. పోచంపల్లి చిటికి బొమ్మను యంత్రమున నచ్చు గ్రుద్ది, తక్కువ వెలకు నమ్ముచున్నారు. కొనువారికి భేదము తెలియదు. చిటికిలో రంగు నూలునకే పట్టియుండును గనుక బట్టకు రెండు ప్రక్కలను బొమ్మ స్పష్టముగా నుండును. అచ్చుబట్టను ద్రిప్పి చూచిన నది వెలవెలఁబోవును. ఈ చిన్న పరీక్షను మనమే మన యాఁడుపడుచులకు నేర్పలేదు. చట్టములు లేకపోలేదు. భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో నేర్పడి 2003 నుండి యమలులోనికి వచ్చినది. ఉప్పాడ జాంధానీకి 2009లోను, సిద్దిపేట గొల్లభామకు 2012లోను, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లోను నా గుర్తింపు లభించినది. అది యూరి కీర్తిని గాపాడును. ఒక్కొక్క బుటా ఎవరి యింటఁ బుట్టినదో, దాని పేరేమో యెల్లప్పుడును జెప్పఁజాలదు. 2000 నాఁటి డిజైనుల చట్టము క్రొత్తగాఁ గల్పించిన రూపములకే వర్తించును. తాతనాఁటి మల్లెమొగ్గ దాని నీడకు రాదు. కనుక మన పేళ్లను మనమే కాపాడుకొనవలెను.

ఇచట నొక హెచ్చరిక. బాల్యమును బొగడుచున్నామని, పిల్లలను మఱల మగ్గపుగుంటలోఁ గూర్చుండఁబెట్టుఁడని మా మాటలకు నర్థము చేయరాదు. పూర్వము నేఁతయింటి పిల్లలు కండెలు చుట్టుచుఁ జదువునకు దూరమైరి. చాలమంది కది జీవితాంతము కొఱఁతగానే నిలిచెను. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకుఁ బ్రతి బిడ్డకును జదువును హక్కుగాఁ జేసినది. అది యక్షరాల జరుగవలెను. బిడ్డ చేతికిఁ బని వలదు. కంటికి మాత్రము మగ్గము దూరము కారాదు. సూరతులోను, షోలాపురములోను, భివండిలోను యంత్రముల నడుమఁ బెరుగుచున్న మనబిడ్డలకు సాలెగూఁటిని జూచి మన పేరును జ్ఞప్తికిఁ దెచ్చుకొను నవకాశము నెవరిత్తురు? వారి తాతమ్మలు పోయిన పిమ్మట, చీరపెట్టెలోని ప్రాఁతచీర యంచును వేలితోఁ జూపి, ఇది రుద్రాక్ష, ఇది గుడియంచు అని చెప్పువా రెవ్వరు?

కావున మహాసభవారికి మా మనవి యిది. బుటాల పేళ్లపట్టిక నొకదానిని మన సంఘము తరఫున సిద్ధము చేయింపవలెను. అందుఁ బ్రతి బుటాకు నైదు సంగతులు వ్రాయవలెను: యింటిలోఁ బిలుచు పేరు, నేసిన యూరు, నేర్పిన పెద్ద పేరు, వారు సమ్మతించినచో, పోఁగుల లెక్కతో గళ్లకాగితముపై గీసిన రూపము, ఆ పేరిచ్చిన పువ్వో, పిట్టయో, పురుగో యేది యను వివరము. ఒక్కొక్క పేరున కూరూరను మార్పున్నచో నన్నిటిని వ్రాయవలెను. ఇది సరి, అది తప్పని దిద్దఁబోరాదు. వ్రాయువారు విద్వాంసులు గానక్కఱలేదు. ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకుఁ జదువు మన బాలబాలికలే యీ పనికిఁ దగినవారు. సెలవుదినములలో వారు తాతలను, అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి వ్రాసికొని రావలెను. చూచి పేరు పెట్టిన కన్ను పసిదే. దానిని వ్రాసి నిలుపు చేయియుఁ బసిదే యగుట యుచితము.

దీనికి ధనము పెద్దగా నక్కఱలేదు. ఒక్కొక్క యూరి సంఘమునకు నొక నోటుపుస్తకము, గళ్లకాగితములు, ఒక్క యోపికగల పెద్దమనిషి చాలును. వచ్చు మహాసభ నాఁటికిఁ బ్రతి యూరినుండియుఁ బది పేళ్లు వచ్చినచో, అది మన తొలిసంపుట మగును. 1866 నాఁటి సంపుటములలో లేని నేఁతగాని పేరు అందుండును. తమ యింటఁ బ్రాఁతచీర లుండి, వాని యంచుల పేళ్లు చెప్పఁగల పెద్దలు బ్రదికియున్న కులబంధువులు, ఈ సంచికను జదివి ముగించిన వెంటనే వారి కడకుఁ బోయి కూర్చుండి, మొదటి పేరును వ్రాసికొందురు గాక యని కోరుచున్నాము.